ఫన్‌ఫెయిర్‌లో గెలిస్తే బతికున్న గోల్డ్‌ఫిష్ ఇస్తున్నారు, తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం ఈమధ్యే ఇంగ్లాండ్ వచ్చాం. మా ఊరి పక్కన పొలంలో ఫన్‌ఫెయిర్ పెట్టారు. బంతి వేసి గెలిస్తే బతికున్న గోల్డ్‌ఫిష్‌ని కవర్లో కట్టి ఇస్తున్నారు. పాప ఒకటే గొడవ. అసలు ఇలా ఇవ్వడం సబబేనా? ఆడనివ్వాలా వద్దా?

జవాబు:

ఆడనివ్వండి, చేపను మాత్రం తెచ్చుకోకండి. డబ్బులు ఇవ్వకముందే స్టాలతన్ని అడగండి, చేప బదులు బొమ్మ ఏదైనా ఇస్తారా అని. నేను ఇప్పటికి ఇద్దర్ని అడిగాను, ఇద్దరూ సరేనన్నారు. మీకు కావలసింది ఇంతే అయితే ఇక చదవక్కర్లేదు. సబబేనా అని కూడా అడిగారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను.

2018 ఆగస్టు. మిడ్‌లాండ్స్‌లో ఓ చిన్న టౌన్‌లో ఉండేవాళ్ళం. మావాడికి ఏడేళ్ళు. స్టాలు మధ్యలో బల్ల, దాని నిండా చిన్న చిన్న గాజు గిన్నెలు, వాటిలోకి పింగ్‌పాంగ్ బంతి వెయ్యాలి. పైన దండెంలాంటి కడ్డీకి నీళ్ళ కవర్లు వేలాడుతున్నాయి, ఒక్కో దాంట్లో నా చిటికెన వేలంత నారింజరంగు చేప. మధ్యాహ్నం ఎండ సూటిగా వాటిమీదే పడుతోంది. గాలికి కవరు తిరిగినప్పుడల్లా లోపలి చేప ఒకసారి పెద్దదై, ఒకసారి సన్నగా గీతలా కనిపించేది. మావాడి ఐదో బంతి గిన్నె అంచుకి తగిలి, ఎగిరి, పక్క గిన్నెలో పడింది. అబద్ధం ఎందుకు, వాడికంటే నేనే గట్టిగా కేక పెట్టాను. స్టాలతను నవ్వి, ఒక్కటే అయితే దిగులు పడుతుందని ఇంకో చేపను కూడా ఇచ్చాడు.

అతను చెడ్డవాడని నేను అననండీ. స్టాలు వెనక పెద్ద టబ్బులో మోటారు పెట్టి మిగతా చేపల్ని బాగానే ఉంచాడు. ఆయన తాతల కాలం నుంచీ ఇదే వ్యాపారమట. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చట్టప్రకారం కూడా తప్పేమీ లేదు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం చెప్పేది ఏమిటంటే, పెద్దవాళ్ళు తోడులేని 16 ఏళ్ళలోపు పిల్లలకు జంతువును బహుమతిగా ఇవ్వకూడదు. తోడుంటే ఇవ్వొచ్చు. స్కాట్లాండ్ వాళ్ళు అదే ఏడాది చేసుకున్న చట్టంలో ఈ మెలికలేం పెట్టుకోలేదు, జంతువుల్ని బహుమతిగా ఇవ్వడాన్నే నేరం చేశారు. ఇంగ్లాండ్‌లో కూడా చాలా కౌన్సిళ్ళు తమ సొంత పార్కుల్లో దీన్ని ఆపేశాయి. మీవాళ్ళు పొలంలో పెట్టారంటే, అది బహుశా కౌన్సిల్ స్థలం కాదేమో, కనుక్కోండి.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. ఆదివారం సాయంత్రం. నాలుగు దాటితే ఇక్కడ పెద్ద షాపులు చాలావరకు కట్టేస్తారు. ట్యాంకు లేదు, మేత లేదు. మా ఆవిడ పులిహోర కలిపే పెద్ద స్టీలు బేసిన్ ఇచ్చింది. కుళాయి తిప్పి నీళ్ళు పట్టి చేపల్ని అందులో వదిలాను. మావాడు ప్రేమకొద్దీ బ్రెడ్డు ముక్కలు తుంచి వేశాడు. సోమవారం కూడా వేశాడు. బుధవారం పొద్దున్నకి ఒకటి పక్కకి ఒరిగి తేలుతోంది. రెండోది నీళ్ళ పైకొచ్చి, నోరు తెరిచి మూసి, తెరిచి మూసి.

ఇలా నోరు తెరవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మాది భీమవరం. మా బాబాయికి కైకలూరు పక్కన చేపల చెరువులున్నాయి. వెంటనే వీడియో కాల్ చేశాను. అక్కడ పదకొండున్నర, ఆయన చెరువు గట్టుమీదే ఉన్నాడు. బేసిన్ చూపించగానే, "ఏరా, ఈ నీళ్ళు ఎప్పుడు పట్టావ్?" అన్నాడు. కుళాయి నీళ్ళు, ఆదివారం, అన్నాను. 

"క్లోరిన్ నీళ్ళు సూటిగా పోసేశావా? మొప్పలు కాలిపోవూ! పైగా మేత వేసి కుళ్ళబెట్టారు. అదంతా అమ్మోనియా అయిపోద్ది. మేత ఆపెయ్యి ముందు. సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యి, క్లోరిన్ విరిచే మందు దొరుకుద్దేమో చూడు." తర్వాత అడిగాడు, "కవర్లో ఆక్సిజన్ కొట్టి ఇచ్చారా?"

లేదు బాబాయ్, ఉట్టి గాలే, మూతి కట్టేసి ఇచ్చారు, అన్నాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "మేం సీడు, అదే చేపపిల్లల్ని, తెచ్చుకునేటప్పుడు కవర్లో మూడోవంతు నీళ్ళు పోసి, పైనంతా ఆక్సిజన్ పట్టించి తెస్తాం. ముందురోజు మేత కూడా పెట్టం. చెరువు దగ్గరికి వచ్చాక కవరుని పావుగంట నీళ్ళమీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ కలిశాకే విప్పుతాం. అమ్ముకు తినేవాళ్ళమేరా మేం. పెంచుకోమని ఇచ్చేవాళ్ళు ఇలా ఇస్తారా?"

ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. తెల్లారగట్ల చెరువులో డీఓ, అంటే నీళ్ళల్లో కరిగున్న ఆక్సిజన్, పడిపోతే బాబాయి పంచె ఎగ్గట్టుకుని నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేయడానికి పరిగెత్తడం నేను చూశాను. జాలితో అని చెప్పను, డబ్బు కోసమే. చేప చస్తే నష్టపోయేది ఆయనే. పట్టుబడి అయ్యాక అవి ఐసు పెట్టెల్లో కలకత్తాకీ అస్సాంకీ వెళ్తాయి, ఆ చావు మెత్తగా ఉంటుందని కూడా నేననను. కానీ పట్టుబడి దాకా ఆ చేప బతుక్కి ఒక మనిషి పూచీ ఉంటాడు. ఫెయిర్‌లో చేతులు మారిన క్షణాన ఆ పూచీ పుటుక్కున తెగిపోతుంది. స్టాలతనికి తన చేపల్లో ఎన్ని బుధవారం దాకా బతికాయో తెలిసే దారే లేదు. అవి చచ్చేది మన వంటింట్లో.

పైగా గోల్డ్‌ఫిష్ మొండిది. చలికాలం గడ్డకట్టిన చెరువు అడుగున ఆక్సిజన్ లేకపోయినా ఒంట్లోనే ఆల్కహాల్ తయారుచేసుకుని రోజుల తరబడి నెట్టుకురాగల జాతి. ఇదే దాని కొంప ముంచింది. సున్నితమైన చేపలైతే కవర్లో కట్టిన గంటకే చచ్చి ఉండేవి, ఈ ఆట ఏనాడో మూతపడేది. ఇది రెండు మూడు రోజులు ఓపిక పడుతుంది కాబట్టి, ఇచ్చినవాడికి చెడు కనపడదు, తెచ్చుకున్నవాడు తనదే తప్పనుకుంటాడు. మావాడు అలాగే అనుకున్నాడు. "నేను బ్రెడ్డు వేశాననా నాన్నా?" అని ఎన్నిసార్లు అడిగాడో.

ఆ రాత్రి మా ఆవిడ అంది, "ఆదివారం చేపల పులుసు తిన్నాం, బుధవారం చేప చచ్చిందని ఏడుస్తున్నాం." నిజమే కదా. మన వాళ్ళతో ఈ విషయం ఎత్తితే మొదట వచ్చే మాట ఇదే. నాకు తోచిన జవాబు పైన బాబాయి కథలో ఉంది, అంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు. చేపలకు నొప్పే ఉండదని వాదించేవాళ్ళకి మాత్రం ఒకటి చెప్తాను. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, యాసిడ్ లాంటివి ఎక్కించి చూశారు. అవి మేత మానేసి, పెదవుల్ని తొట్టి అడుగునున్న రాళ్ళకేసి రుద్దుకున్నాయి. పంటి నొప్పి వస్తే మనం దవడ నొక్కుకోమూ, అలాగ. బ్రిటన్ 2022లో తెచ్చిన చట్టం చేపలతో సహా వెన్నెముక ఉన్న జంతువులన్నిటికీ అనుభూతి ఉంటుందని ఒప్పుకుంది. గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్లకి మించి జ్ఞాపకం ఉండదన్నది కూడా ఉత్త కథ. మా చేప సంగతి చెప్తాగా, చూడండి.

ఇంతకీ ఇది తెల్లవాళ్ళ పిచ్చి అనుకోకండి. మన వీధుల్లో గంపలో గులాబీ రంగూ ఆకుపచ్చ రంగూ పూసిన కోడిపిల్లల్ని అమ్మేవాళ్ళు గుర్తున్నారా? గుడ్ల కోళ్ళ హేచరీల్లో మగపిల్లలు పనికిరావు, వాటికి రంగులద్ది అమ్మేవాళ్ళు. నా రెండో తరగతిలో గులాబీది ఒకటి కొనిపించుకున్నాను. చెప్పుల డబ్బాలో గుడ్డ పరిచి, పైన బల్బు వెలిగించి పెట్టాం. మూడో రోజు పొద్దున లేచేసరికి నాయనమ్మ దాన్ని కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టేసి, పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పింది. నేను మావాడికి అబద్ధం చెప్పలేదు, అంతే తేడా. మా ఊళ్ళో మావుళ్ళమ్మ ఉత్సవాల్లో రింగులాట ఆడి గెలిస్తే సబ్బుబిళ్ళో దువ్వెనో ఇచ్చేవాళ్ళు. గెలిచిన సరదా ఇసుమంత కూడా తగ్గేది కాదు. సబ్బుబిళ్ళను ఎక్కడో మర్చిపోయి వచ్చినా అది ఆకలితో చావదు.

రెండో చేప బతికింది. ఇక్కడే చాలామంది "చూశావా, బతికిందిగా" అంటారు. ఎలా బతికిందో వినండి. కొత్త ట్యాంకులో అమ్మోనియాను మింగే బ్యాక్టీరియా స్థిరపడడానికి నెలా నెలన్నర పడుతుంది. ఆ అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారాలి. అన్నాళ్ళూ రోజూ రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక టెస్ట్ కిట్‌లో నీళ్ళ రంగు చూసుకోవడం, సగం నీళ్ళు మార్చడం. ముందు అరవై లీటర్ల ట్యాంకు కొన్నాను, అది చాలక మరుసటేడు నూట ఎనభైది కొన్నాను. చిటికెన వేలంత చేప అడుగు దాకా పెరగగలదని నాకేం తెలుసు! ఫిల్టరూ స్టాండూ అన్నీ కలిపి మూడొందల పౌండ్ల పైమాటే. మూడు పౌండ్ల ఆటకి. అద్దె ఇంటి ఒప్పందంలో పెంపుడు జంతువులు కూడదని ఉంటే, ఓనరుకి నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. ఇండియాకి అయిదు వారాలు వెళ్ళాలంటే మేత వేసే మనిషిని వెతుక్కోవడం సరేసరి.

ఇదంతా చేయలేనివాళ్ళు చాలామంది చివరికి దాన్ని తీసుకెళ్ళి ఏ చెరువులోనో వదిలేస్తారు, పుణ్యం చేశామనుకుని. ఇంగ్లాండ్‌లో అది నేరం, 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం. ఇక్కడి క్రూషియన్ కార్ప్ అనే చేపలతో కలిసి సంకరం అయిపోతాయి కూడా. అమెరికాలోని మిన్నెసోటాలో, బర్న్స్‌విల్ అనే ఊరి చెరువులో 2021లో అమెరికన్ ఫుట్‌బాల్ అంత గోల్డ్‌ఫిష్‌లు పట్టుబడితే, దయచేసి మీ చేపల్ని వదలకండని మున్సిపాలిటీ వాళ్ళు మొత్తుకున్నారు.

ఇంకో చిత్రం. రికార్డుకెక్కిన అతి పెద్ద వయసు గోల్డ్‌ఫిష్‌లలో ఒకటైన టిష్, యార్క్‌షైర్‌లో 1956లో ఒక ఫెయిర్‌లో గెలుచుకున్నదే. 1999 దాకా, 43 ఏళ్ళు బతికింది. దాన్ని గెలిచిన పిల్లాడు నడివయసులోకి వచ్చేశాడు, చేప ఇంకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంది. ఈ ఆటను వెనకేసుకొచ్చేవాళ్ళు టిష్ పేరు చెప్తుంటారు. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. నలభై మూడేళ్ళ పని ఒకటి, ముందు చెప్పకుండా, ఏడేళ్ళ పిల్లాడి చేతిలో కవర్లో పెట్టి ఇచ్చారన్నమాట! పిల్లికూనను ఇలా ఇస్తే ఊరుకుంటామా? రోమ్ నగరం 2005లోనే గోల్డ్‌ఫిష్‌ని బహుమతిగా ఇవ్వడాన్నీ, గుండ్రటి గాజు గిన్నెలో పెంచడాన్నీ కలిపి నిషేధించింది.

మీ పాపకి చేపలంటే నిజంగా ఇష్టమైతే, ముందు ట్యాంకు కొనండి. నెలన్నర చేప లేకుండా ఖాళీ నీళ్ళు తిరగనివ్వండి, బ్యాక్టీరియాకి తిండిగా చిటికెడు మేత వేస్తూ. అప్పటికీ పాప ఆ ఖాళీ ట్యాంకు వైపు చూస్తుంటే షాపుకెళ్ళి చేప తెచ్చుకోండి. ఈలోపు ఫెయిర్‌లో బంతులు హాయిగా వేయించండి.

మావాడికిప్పుడు పద్నాలుగేళ్ళు, చేప ఊసే పట్టదు. మా బాబాయి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "మన బంగారు బొచ్చె చేప ఎలా ఉంది?" అంటాడు. బాగానే ఉంది. మా ఆవిడ నడిచొస్తే కదలదు, నా అడుగుల చప్పుడు వింటే మాత్రం అద్దం దగ్గరికి వచ్చి తోకాడిస్తుంది, మేత డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో దానికి తెలుసు. రేపు శనివారం. అరవై లీటర్ల నీళ్ళు బకెట్లతో మోయాలి, నాకు నడుం నొప్పి.