జపాన్ సంప్రదాయ రంగుల అర్థాలు: ఒక అద్దకపు పనివాడి సమాధానం

జపాన్ సంప్రదాయ రంగుల్లో ఎరుపుకు ఒక అర్థం, తెలుపుకు ఒక అర్థం, ఊదాకు ఒక అర్థం అంటూ నిర్దిష్టమైన పట్టిక ఏదైనా ఉందా, హెయియన్ కాలపు (క్యోటో రాజధానిగా 8వ శతాబ్దం చివరి నుంచి 12వ శతాబ్దం దాకా సాగిన కాలపు) అంతఃపుర స్త్రీ బొమ్మ వేసేటప్పుడు దాన్ని అనుసరించవచ్చా అని మీరు అడిగారు. అలాంటి పట్టికలు కావలసినన్ని దొరుకుతాయి గాని, వాటిని నమ్ముకుని బొమ్మ వేయవద్దని నా సలహా. నేను కలంకారీలో సహజ రంగులతో పనిచేసేవాడిని. కొంతకాలం క్యోటోలో ఉండి అక్కడి అద్దకపు పనివారి దగ్గర పని నేర్చుకున్నాను. ఫలానా రంగు దేనితో తయారైంది, ఎంత ఖరీదు పడింది, ఎన్నాళ్లు నిలిచింది, దాన్ని ధరించే అర్హత ఎవరికుంది అన్న ప్రశ్నలు వేస్తేనే దాని అర్థం తెలుస్తుందని అక్కడ నాకు అర్థమైంది.

పట్టికలు ఎక్కడ తడబడతాయో చెప్పడానికి తెలుపు ఒక్కటి చాలు. జపాన్ దేశీయ మతమైన షింతో పద్ధతిలో పెళ్లికూతురు ఆపాదమస్తకం తెలుపే ధరిస్తుంది. చనిపోయినవారికి తొడిగేదీ తెలుపే. శుభకార్యానికి డబ్బు పెట్టి ఇచ్చే కవరుకు ఎరుపు, తెలుపు దారాలు, అంత్యక్రియల కవరుకు నలుపు, తెలుపు దారాలు కడతారు. క్యోటో చుట్టుపక్కలైతే తర్వాతి స్మారక కర్మలకు పసుపు, తెలుపు దారాలు కట్టిన కవర్లు కూడా వాడతారు. అందుచేత రంగు ఒక్కటే చూసి శుభమనో అశుభమనో తేల్చడం కుదరదు. పక్కన ఏ రంగు ఉందో, సందర్భం ఏమిటో కూడా చూడాలి.

ఇక నాకు బాగా తెలిసిన కుసుమపువ్వు ఎరుపు సంగతి చెబుతాను. జపనీయులు బెని అని పిలిచే ఈ రంగు, మన తాండూరు వైపు నూనెగింజల కోసం వేసే కుసుమ మొక్క పూలలోనిదే. అక్కడ యమగాటా ప్రాంతం ఈ పూలకు ప్రసిద్ధి. పువ్వులో ఉండేది దాదాపు అంతా పసుపే, ఎరుపు సుమారు 1 శాతం మాత్రమే. రేకులను చన్నీళ్లలో పిసికి పిసికి పసుపును వదలగొట్టి, ఆ తర్వాత బూడిద తేటతో ఎరుపును బయటికి లాగి, పొగబెట్టి ఎండబెట్టిన ఉమె (పుల్లటి జపాన్ రేగు జాతి పండు, ప్లమ్ లాంటిది) పండ్ల పులుసు కలిపితే గాని ఆ ఎరుపు పట్టుకు అంటుకోదు. వేడి తగిలితే రంగు చెడుతుంది కనుక ఈ పనికి చలికాలమే మేలంటారు, ఆ చలిలో వేళ్లు కొయ్యబారిపోతాయి. ఇంత చేసినా మొదటి ముంపుకు వచ్చేది లేత గులాబీ రంగే, చిక్కటి ఎరుపు కావాలంటే మళ్లీ మళ్లీ అదే తంతు. హెయియన్ రాజసభలో చిక్కటి ఎరుపు, చిక్కటి ఊదా సామాన్యులకు నిషిద్ధమై, వాటి లేత ఛాయలకు మాత్రమే అందరికీ అనుమతి ఎందుకుండేదో ఆ తొట్టి ముందు నిలబడితే వేరే చెప్పనక్కర్లేదు.

అంత కష్టపడి తెచ్చిన ఆ ఎరుపు త్వరగా వెలిసిపోతుంది. 8వ శతాబ్దంలో ఎత్చూ రాష్ట్రాధికారిగా ఉన్న కవి ఒటోమో నో యకమోచి, భార్యను మరచి వేశ్య మోహంలో పడిన తన గుమాస్తాను మందలిస్తూ, కుసుమ ఎరుపు వెలిసిపోయేదే, అలవాటైన త్సురుబమి బట్టకు అది సాటి రాదు అన్న భావంతో చెప్పిన కవిత మన్యోషూ అనే ప్రాచీన జపాన్ కవితా సంకలనంలో ఉంది. త్సురుబమి అంటే ఓక్ జాతి చెట్టు కాయలతో అద్దిన ముతక రంగు. వెన్నదేవికూర జాతికి చెందిన ఒక మొక్క పూల నీలిరంగు, నీళ్లు తగిలితే చాలు, పోతుంది; అందుకే అదే సంకలనంలో నిలకడలేని మనసుకు ఉపమానమైంది. ఆ గుణం వల్లనే యూజెన్ అనే చేతి చిత్రణ అద్దకంలో పట్టుపై చెరిపేయవలసిన తొలి గీతలు గీయడానికి అది పనికొచ్చింది. ఈ పోలికలను అద్దకం తెలిసిన పాఠకులు వెంటనే గ్రహించి ఉంటారని నా ఊహ.

అధికారానికి సంబంధించిన రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. హజె చెట్టు చెక్క పసుపు, పతంగి చెక్క ఎరుపు కలిపి తీసే కోరోజెన్ అనే గోధుమ ఛాయ రంగును 820లో సాగా చక్రవర్తి తన వస్త్రానికి నిర్ణయించగా, 2019 అక్టోబరు 22న నరుహితో చక్రవర్తి సింహాసనోత్సవంలో ధరించినది కూడా ఆ రంగు వస్త్రమే. యువరాజుది ఓతన్ అనే నారింజ రంగు. తర్వాత 17 నుంచి 19వ శతాబ్దం దాకా సాగిన ‘ఎదో’ కాలంలో ఆడంబరాన్ని అణచే శాసనాలు వర్తకుల వస్త్రాల మీద పడ్డప్పుడు, వారు గోధుమ, బూడిద రంగుల్లోనే లెక్కలేనన్ని ఛాయలు పుట్టించి, కబుకి అనే నాటకరంగపు నటుల పేర్లు కూడా వాటికి పెట్టుకుని మురిసిపోయారు. నిషేధం నుంచి పుట్టిన ఈ రుచి నాకు రాజసభ వైభవం కన్నా ఎక్కువ నచ్చుతుంది గాని, మీ బొమ్మకు దానితో పనిలేదు.

మీ బొమ్మకు కావలసింది కసానే, అంటే పైవస్త్రం, లోపలి పొర కలిసి ఒక రుతువును సూచించే పద్ధతి. పైన లేత ఊదా, లోపల లేత ఆకుపచ్చ ఉంటే అది ఫుజి (విస్టీరియా) పూల జత, వసంతం చివరిది. పైన తెలుపు, లోపల ఎరుపు ఉంటే చెర్రీపూల జత. రుతువు దాటితే ఎంత మంచి రంగైనా వెలవెలబోతుంది. మూడో, నాలుగో నెలలో ఎర్ర ఉమెపూల రంగు వస్త్రాన్ని హెయియన్ అంతఃపుర రచయిత్రి సేయ్ షోనగోన్ ఉత్సాహం చల్లార్చే వస్తువుల జాబితాలో చేర్చింది. కాబట్టి ముందుగా మీ బొమ్మలో ఏ నెల నడుస్తోందో, ఆ స్త్రీ హోదా ఏమిటో నిర్ణయించుకోండి. హోదా తక్కువదైతే ఎరుపును, ఊదాను లేతగానే ఉంచండి. చెర్రీపూల జతను ఎంచుకుంటే గులాబీ రంగును విడిగా కలపకండి. ముందు ఎరుపు పూసి, అది ఆరాక దానిపై తెలుపును పల్చగా వేస్తే, పలుచని పట్టులోంచి ఎరుపు కనిపించినప్పుడు వచ్చే గులాబీ ఛాయ దానంతట అదే వస్తుంది. వస్త్రపు చేతుల అంచు దగ్గర మాత్రం లోపలి ఎరుపును సన్నని గీతలా తేటగా కనిపించనివ్వండి.