ఫైన్ కట్టేస్తే కేసు అయిపోయినట్టేనా? మా మేనల్లుడి సంగతి చెప్తా

పేకాట కేసులో కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టాడు మా తమ్ముడు, అది శిక్ష పడినట్టా, ఉద్యోగం ఫారంలో రాయాలా అని అడిగారు కదా. పడినట్టే. రాయాల్సిందే.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. డిగ్రీ చదివేటప్పుడు మా మేనల్లుడు సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర గుండాట (పాచికల జూదం) బల్ల చుట్టూ మూగిన గుంపులో దొరికిపోయాడు. బల్ల పెట్టినోడు పారిపోయాడు, బరి వేయించిన పెద్దమనుషులైతే ఏ ఏడూ దొరకరు, పండక్కి ముందు ఎవరో నలుగురిని బైండోవర్ చేశామని, అంటే తప్పు చేయమని పూచీ రాయించుకున్నామని పేపర్లో మాత్రం వేయిస్తారు, చివరికి ఇరుక్కునేది ఇలాంటి పిల్లకాయలే. సరే, కోర్టు రోజున జూనియర్ లాయరొకాయన వచ్చి "చిన్న కేసు, తల ఊపేయ్, ఫైన్ కట్టి పోదాం" అన్నాడు. మేజిస్ట్రేట్ గారు నేరం ఒప్పుకుంటున్నావా అని అడగడం, వీడు ఊపడం అయిపోయాయి. 200 జరిమానా, కోర్టు లేచేదాకా ఉండాలి అన్నారు. వీడేమో బళ్ళో గోడకుర్చీ లాంటిదే అనుకుని సాయంత్రం దాకా వెనక గోడ పక్కన కూర్చున్నాడు, నేను పులిహోర పొట్లం తీసుకెళ్తే లోపల తినకూడదని కానిస్టేబుల్ కసిరాడు. బయటికొచ్చి "అయిపోయింది మామయ్యా" అని నవ్వాడు. ఆ కూర్చోడమే చట్టం లెక్కలో జైలు శిక్ష అని ఆ లాయరు ఒక్క ముక్క చెప్పలేదు!

తర్వాత సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం వచ్చింది. చేరేముందు మన గతం గురించి రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, ఫైన్ పడిందా, శిక్ష పడిందా అని విడివిడిగా అడుగుతారు. ఫ్రెండ్సంతా రాయొద్దురా ఎవడు చూస్తాడు అన్నారు. నేను దగ్గర కూర్చుని రాయించా. నోటీసొచ్చింది, సంజాయిషీ ఇచ్చాడు, నెలలు లేటయినా జాయినయ్యాడు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, నిజం రాసినా ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళు చూసుకుంటారు, చిన్న కేసయితే వదిలేయొచ్చు, కానీ దాస్తే ఆ దాచడమే మెడకి చుట్టుకుంటుంది. అమెరికా వీసా ఫారంలో కూడా అరెస్టు గురించి అడుగుతారు, అక్కడా అంతే.

పాస్‌పోర్టుకి మాత్రం కంగారు పడకండి. ఐదేళ్ళలోపు, నీతిమాలిన నేరానికి, రెండేళ్ళకి తగ్గకుండా జైలు పడితేనే శిక్ష పేరు చెప్పి ఆపుతారు. నడుస్తున్న కేసుంటేనే అసలు తలనొప్పి, కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి.

ఇంకా తేలని కేసున్నోళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, తల ఊపేముందు 1958 ప్రొబేషన్ చట్టం సంగతి అడగండి. పాత శిక్షల్లేకుండా, రెండేళ్ళకి మించని నేరమైతే మందలించి వదిలేయమని అడగొచ్చు, అలా వదిలితే శిక్ష వల్ల వచ్చే అనర్హత తగలదని అందులో 12వ సెక్షన్ ఉంది. మన లాయర్లలో సగం మందికి ఇది గుర్తే ఉండదు, ఇది నా గట్టి నమ్మకం. మామూలు నేరాలకి రెండేళ్ళ లోపు జైలు పడితే ఎమ్మెల్యే పదవి కూడా పోదు, మనోళ్ళకి మాత్రం 200 రూపాయల ఫైనుకి నోటీసులు.

మీ తమ్ముడి చేత తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే అప్లై చేయించండి. మావాడికి నోటీసొచ్చాక రికార్డు రూము చుట్టూ తిరిగితే ఆ ఫైలు దొరకడమే గగనమైంది.