మిషన్ తప్పనుకున్నాం, సంగతి చేన్లో ఉంది

ఒక సమస్యను నాలుగు వైపుల నుంచి చూడటం ఎట్లా అలవాటు చేసుకోవాలని అడిగారు. కూర్చుని ఆలోచిస్తే నాకైతే ఎప్పుడూ రాలేదు, అవతలివాళ్ల దగ్గరికి పోయి అడిగితేనే వచ్చింది. మా ఇంటి గొడవే ఒకటి చెప్తాను.

మాది పరకాల దగ్గర పల్లె, మూడెకరాల పత్తి. ఒక ఏడాది డిసెంబర్‌లో బాపు, నేను ట్రాలీ నింపుకొని కొనుగోలు కేంద్రానికి పోతే తేమ కొలిచే మిషన్‌లో 14 శాతం వచ్చింది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్క పత్తి రైతులందరికీ తెలిసిందే: 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా ధరలో కోత, 12 దాటితే కొననే కొనరు. "మిషన్‌లోనే ఏదో మతలబు ఉంది" అని బాపు లొల్లి పెట్టాడు, నేనూ వంత పాడాను. ట్రాక్టర్ కిరాయి దండగ. పత్తి వాపసు తెచ్చి వాకిట్లో ఆరబోసుకున్నాం.

మా బామ్మర్ది జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో పనిచేస్తాడు. వాడికి ఫోన్ చేసి నా కోపమంతా వెళ్లగక్కితే "ఒకసారి వచ్చి చూడు బావా" అన్నాడు. పోతే ఒక పత్తి కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టమన్నాడు. పైన చల్లగానే ఉంది, లోపల మాత్రం జ్వరమొచ్చిన ఒళ్లులా వేడి. తేమతో కుప్ప పోస్తే అట్లనే కాగుతుందట, దూది పసుపుబారుతుంది, గింజ సరిగ్గా విడిపోదు. సరే, కొనేవాళ్ల భయం వాళ్లది. కానీ వాన పడి నెల దాటింది కదా, మా పత్తికి తేమ ఎక్కడిది?

అది అమ్మకు తెలుసు, మేమే అడగలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె వెంట చేనుకు పోయాను. మోకాళ్ల దాకా ప్యాంటు తడిసింది, పగిలిన కాయల మీద మంచు చుక్కలు, చేతికి తడి తగులుతోంది. ఏరేవాళ్లకు కూలి కిలో లెక్కన. మంచు పట్టిన పత్తి ఎక్కువ తూగుతుంది, ఎండ ముదరకముందే సగం పని అయిపోతుంది, బడి పిల్లలు వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చు. వాళ్ల జాగాలో ఉంటే నేనూ ఆరింటికే పోతాను. "పది దాటినాక ఏరితే మాకేం మిగుల్తది తమ్మీ?" అని ఒక అక్క మొహం మీదే అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

చివరికి కిలోకు రెండు రూపాయలు పెంచి, మంచు ఆరినాకే ఏరాలని మాట్లాడుకున్నాం. ఆ రెండు రూపాయల కోసం బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతి ట్రాలీకి 9 వచ్చింది, కోత పడ్డా పత్తి అమ్ముడుపోయింది.

బాపు ఇప్పటికీ ఆ మిషన్‌ను నమ్మడు. ట్రాలీ ఎత్తే ముందు గుప్పెడు పత్తి తీసుకొని గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కుమంటేనే బండి కదులుతుంది.