తల్లి చేపను రెండుసార్లు ఎత్తకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆమదాలవలస దగ్గర చేపపిల్లల హేచరీ లీజుకు తీసుకున్నావని అక్క ఫోన్లో చెప్పింది. మోటారు గురించి, గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ మందు గురించి చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేను చేప టెన్షన్ గురించి రాస్తున్నాను. నవ్వకు.

నా మొదటి సీజన్లో మిట్టమధ్యాహ్నం వల దింపాను. మంచి తల్లులు పడలేదని మళ్లీ లాగాను. దొరికిన బొచ్చె చేపలన్నింటినీ ఒకే హాపాలో, అంటే నీళ్లలో కట్టే వలగుడ్డ తొట్టిలో, కుక్కేశాను, సిరిమాను నాడు విజయనగరం కోట దగ్గర జనంలాగ. ఎవరో చూస్తామంటే ఇంకోసారి ఎత్తి చూపించాను. సాయంత్రం ఇంజెక్షన్ చేస్తే గుడ్లు పెట్టాయి, మురిసిపోయాను. మర్నాడు తెల్ల పళ్లెంలో నీళ్లు ముంచి చూద్దును కదా, చాలా పిల్లలు వెన్ను వంగి ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. నీళ్లు బాగోలేవన్నారు ఒకరు, మందు పాతదన్నారు ఇంకొకరు. కావచ్చు. కానీ మరుసటి ఏడు అవే నీళ్లు, అదే మందు. నేను మార్చింది తల్లులను పట్టే పద్ధతొక్కటే. పిల్లలు నిలబడ్డాయి.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి గారనే శాస్త్రవేత్త కార్పు చేపలకు, అంటే మన బొచ్చె, శీలావతి జాతివాటికి, పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) రసం ఎక్కించి గుడ్లు పెట్టించబట్టే మనకీ వ్యాపారం ఉంది. ఆ ఇంజెక్షన్ గుడ్లు పెట్టిస్తుంది గానీ తల్లి బెదురు పోగొట్టదు.

మనం కంగారు పడితే ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే హార్మోను ఉంది చూడు, చేపకూ అదే. మనలాగ దానికి విడిగా అడ్రినల్ గ్రంథి లేదు, తల వైపు కిడ్నీలో ఉండే కణాలే దాన్ని తయారుచేస్తాయి. తల్లి ఒంట్లోది గుడ్డులోకి కూడా చేరుతుంది. ల్యాబుల్లో ఎక్కువగా చూసేది జీబ్రా చేపను. దాని పిల్ల గుడ్డులోంచి బయటపడే వేళ వరకు, అంటే రెండు రోజుల దాకా, తల్లి ఇచ్చినదాంతోనే నడుపుకుంటుంది. సొంతంగా బెదిరి కార్టిసాల్ పెంచుకోవడం నాలుగో రోజుకు గానీ రాదు. గుడ్డులో అది మోతాదు మించితే గుండె సరిగా ఏర్పడదు. అలాగని బొత్తిగా తగ్గినా పిండం చెడుతుంది. ఉప్పులాంటిదన్నమాట. జపాన్ మెడాకా చేపలో ఇంకో వింత: పిల్లలు వేడి నీళ్లలో పెరిగితే కార్టిసాల్ పెరిగి, ఆడది కావలసింది మగదైపోతుంది. మన బొచ్చె, శీలావతులకు అలాగే జరుగుతుందని అనుకోకు. వేడిని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికే రాశాను.

అందుకే తెల్లారకముందే వల దింపు. ఒక్క లాగుడే. మంచివి పడకపోతే ఆ రోజుకు మానెయ్, బేరం పోతే పోనీ. చేతులు తడిపి పట్టుకో, కళ్ల మీద తడిగుడ్డ కప్పు, ఠక్కున తన్నుకోవడం తగ్గుతుంది. హాపాలో పలచగా ఉంచు. ఎవరొచ్చి చూస్తామన్నా, మీ నాన్నే అడిగినా, ఎత్తొద్దు.

పిల్లల సంగతికొస్తే, ఎడతెగని బెదురులో ఉన్న చేప మేత తగ్గిస్తుంది. తిన్నది కూడా ఒళ్లు పెరగడానికి కాక తట్టుకోవడానికే ఖర్చవుతుంది, రోగాలు సులువుగా అంటుకుంటాయి. ఆక్సిజన్ కవర్లో పంపే ముందు మేత ఆపి హాపాలో ఉంచు, లేకపోతే దారిలో వాటి మలంతోనే నీళ్లు పాడవుతాయి. కొనేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పు, కవరు విప్పకుండా ఓ ఇరవై నిమిషాలు చెరువులో తేలనిచ్చి, తర్వాత గ్లాసుతో కొంచెం కొంచెం చెరువు నీళ్లు కలపమని. చాలామంది గట్టు మీంచే గుమ్మరించేస్తారు, తర్వాత సీడ్ (చేపపిల్లలు) బాగోలేదని మన మీద పడతారు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. అంతవరకు తల్లుల చెరువులో వల వెయ్యకు. నా పాత తెల్ల పళ్లెం తెస్తున్నాను, నువ్వు కొత్తది కొనక్కర్లేదు.

ఇట్లు,
మామయ్య