ఫొటో అద్దానికి అతుక్కుంటే గమ్ మానేసి మౌంట్ పెట్టండి

స్నేహితురాలి పెళ్ళికని మీరే చేసిన ఫ్రేమ్‌లో ఫొటో ముడతలు పడి, ఒక మూల అద్దానికి అతుక్కుపోయిందన్నారు కదండీ, తప్పు ఫొటోది కాదు, తెల్ల గమ్‌ది. అందులో నీళ్ళుంటాయి, కాగితం పీల్చుకుని ఉబ్బుతుంది, పైగా మన కోనసీమ వానాకాలంలో డబ్బాలో పెట్టిన అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక ఫొటో ఎంత. అతుక్కున్నదాన్ని లాగకండి, పైపొర ఊడొస్తుంది. ఫైల్ ఉంటే ల్యాబ్‌లో మళ్ళీ ప్రింట్ వేయించండి.

ఈసారి 5×7 అంగుళాల ఫొటోకి 8×10 ఫ్రేమ్ తీసుకుని, అద్దానికీ ఫొటోకీ మధ్యలో మౌంట్ బోర్డు (నడుమ కిటికీలా కోసిన మందపాటి అట్ట) పెట్టండి. దాని కిటికీని ఫొటో కన్నా నాలుగు వైపులా 3 మి.మీ. చిన్నగా, స్టీల్ స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో కోయాలి (పాత బ్లేడైతే మూలల్లో పీచు లేస్తుంది, నేను రెండు బోర్డులు అలాగే పాడుచేశా). ఆ బోర్డు మందమే ఫొటోని అద్దానికి తగలనివ్వదు. ఫొటోకి పై అంచున మాత్రమే రెండు చిన్న టేపు ముక్కలు వేసి బోర్డు వెనక అంటించి, కింది అంచు వదిలేయండి, చెమ్మకి సాగినా ముడత పడదు.

అలంకరణకి గవ్వలూ మెరుపులూ వద్దు. నరసాపురం లేసు సన్నంచు ఒకటి కిటికీ చుట్టూ సూదితో బోర్డుకే కుట్టేయండి. వెనక అట్ట అంచులకి బ్రౌన్ టేపు వేసి, చెమ్మ గోడకి మాత్రం తగిలించొద్దని స్నేహితురాలికి చెప్పండి.