ఒప్పించే ప్రసంగానికి గ్రీకుల వక్తృత్వ శాస్త్రం ఎంతవరకు ఉపయోగపడుతుంది?

అరిస్టాటిల్ చెప్పిన ఈథాస్, పాథాస్, లోగోస్‌లను, అంటే వక్త శీలం, శ్రోతల భావోద్వేగం, తర్కం అనే మూడింటిని సాధన చేస్తే సభలో పదిమందిని ఒప్పించగలమా అని అడిగారు. అవి తప్పక ఉపయోగపడతాయి. అయితే వాటికన్నా ముందు, ఆయనే చేసిన మరొక విభజనను గ్రహించాలని నా అభిప్రాయం. న్యాయస్థానంలో మాట్లాడేవాడు జరిగిపోయినదాని గురించి, అది న్యాయమా అన్యాయమా అని వాదిస్తాడు. ప్రజాసభలో మాట్లాడేవాడు జరగబోయేదాని గురించి, అది మేలా కీడా అని చెబుతాడు. ప్రశంసా ప్రసంగాలది మూడో తరగతి.

ఈ తేడా ఎంత బలమైనదో ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన చరిత్రలోని, మిటిలీనీ అనే నగరం గురించిన చర్చ చూపుతుంది. క్రీ.పూ. 427లో, తమపై తిరుగుబాటు చేసి లొంగిపోయిన ఆ నగరంలోని వయోజన పురుషులందరినీ చంపాలని ఏథెన్సు ప్రజాసభ కోపంతో తీర్మానించి, ఆ ఆజ్ఞతో ఓడను పంపింది. మర్నాడే మనసు కలతపడి మళ్లీ చర్చకు కూర్చుంది. క్లియోన్ అనే ఏథెన్సు నాయకుడు మిటిలీనీవారి నేరాన్ని ఏకరువు పెట్టి, శిక్ష అమలు కావలసిందేనన్నాడు. అతన్ని వ్యతిరేకించిన డియోడోటస్ జాలి చూపమని వేడుకోలేదు. మనం తీర్పు చెప్పడానికి కాదు, మనకేది మేలో ఆలోచించడానికి కూర్చున్నామని, లొంగినా చావు తప్పదని తెలిస్తే ఇకపై తిరగబడే ప్రతి నగరమూ చివరిదాకా పోరాడుతుందని, ఆ ముట్టడుల ఖర్చు మనమే భరించాలని వాదించి, స్వల్ప తేడాతో నెగ్గాడు. మొదటి ఆజ్ఞను ఆపడానికి పంపిన రెండో ఓడవారు తెడ్లు వేస్తూనే తింటూ సమయానికి చేరుకున్నారు. అయినా తిరుగుబాటుకు బాధ్యులుగా ఎంచిన వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారన్నది మరవకూడదు.

హైదరాబాదులో మా కాలనీ సంఘం సమావేశంలో ఇంకుడు గుంతల కోసం చందా అడిగే బాధ్యత నాకు అప్పగించినప్పుడు నేను ఈ పద్ధతినే అనుసరించాను. అంతకుముందు చర్చ ఎప్పుడు మొదలైనా, కొత్త బోరు వేయించినది ఎవరు, ఎవరిని అడిగి వేయించారు అన్న తగాదాగా మారేది. నేను ఆ సంగతి ఎత్తకుండా, వేసవిలో ట్యాంకర్లకు పెట్టే డబ్బును, గుంతలకయ్యే ఖర్చును పక్కపక్కన పెట్టి చూపించాను. నమ్మకం పూర్వపు పేరు వల్ల కాక ప్రసంగం వల్లనే కలగాలన్న అరిస్టాటిల్ మాట దృష్టిలో ఉంచుకుని, ఈ చందా కొన్ని ఇళ్లకు భారమేనని, తవ్విన మొదటి ఏడాదే బోరులో నీరు పెరుగుతుందని హామీ లేదని నేనే ముందుగా చెప్పాను. కొందరు అంగీకరించలేదు గాని, ఎక్కువమంది చేతులెత్తారు.

మీరు కూడా ప్రసంగం రాసేముందు, సభ ఏం నిర్ణయించాలని కోరుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. భవిష్యత్తు గురించిన నిర్ణయమైతే, పాత తప్పులను విచారించే వాక్యాలన్నింటినీ కొట్టివేసి, ఆ తరువాతే భావోద్వేగం ఎక్కడ కావాలో చూడండి.