కారు లేకుండా న్యూరెంబర్గ్ చుట్టుపక్కల పాత ఊళ్ళు చూడటం ఎలా?

మీరు అడిగింది: ఉద్యోగం మీద కొత్తగా జర్మనీలోని న్యూరెంబర్గ్ వచ్చాం, ఐదేళ్ళ పాప ఉంది, కారు లేదు, శాకాహారులం, వారాంతాల్లో ఎటు వెళ్ళాలి అని.

కారు అక్కర్లేదండి. ఆదివారం ఇక్కడ కొట్లు తెరవరు కాబట్టి ఆ రోజునే ఊళ్ళకు పెట్టుకోండి. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చేసుకోవాలి. మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లోని కొట్టే దిక్కు.

జర్మనీ అంతటా చెల్లే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఎస్-బాన్, ఆర్‌బీ, ఆర్‌ఈ అనే లోకల్, ప్రాంతీయ రైళ్ళు, ఊళ్ళో మెట్రో, ట్రామ్, బస్సు అన్నిట్లో చెల్లుతుంది. దూరప్రయాణపు వేగం రైళ్ళు ఐసీఈ, ఐసీల్లో చెల్లదు. టికెట్ మీ పేరు మీద ఉంటుంది, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆపాలంటే 10వ తారీఖులోపు రద్దు చేయాలి, దాటితే ఇంకో నెల డబ్బు కట్టాల్సిందే. పాపకు ఆరేళ్ళు నిండేదాకా టికెట్ అక్కర్లేదు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఈ బవేరియా రాష్ట్రంలో ఒకరోజు చెల్లే బయర్న్ టికెట్ తీసుకోండి. ఐదుగురి దాకా ఒక్కటి చాలు, కానీ అందరి పేర్లూ రాయాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ ఇబ్బంది లేదు.

కొత్తవాళ్ళు దెబ్బతినేది ఎక్కడంటే, కొన్ని ఆర్‌ఈ రైళ్ళు మధ్యలో రెండుగా విడిపోతాయి. ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి పోతాయి. ప్లాట్‌ఫామ్ సరైనదే కదా అని ఎక్కేయకుండా, పెట్టె మీద బోర్డులో మీ ఊరి పేరుందో లేదో చూడండి.

ముందు బాంబెర్గ్ వెళ్ళండి. ఆర్‌ఈలో దాదాపు ముప్పావు గంట, ఎస్1 అనే ఎస్-బాన్ రైలు అయితే ఎర్లాంగెన్ మీదుగా ఆగుతూ ఆగుతూ వెళ్తుంది. 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న ఊరు. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే రెగ్నిట్స్ నది మధ్యలో పాత టౌన్‌హాలు వస్తుంది. దాని గోడ మీది బొమ్మల్లో ఒక బాలదేవత కాలు నిజంగానే గోడ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, పాపను వెతకమనండి. కొండ మీది కెథెడ్రల్‌లో పోప్ రెండో క్లెమెంట్ సమాధి ఉంది. ఆదివారం ఉదయం ప్రార్థనలు నడుస్తాయి కాబట్టి అక్కడికి మధ్యాహ్నం వెళ్ళండి. దారంతా రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాలు. చిన్న చక్రాల స్ట్రోలర్ ఇరుక్కుంటుంది, ఇంట్లోనే వదిలేయండి.

రోథెన్‌బర్గ్ అందరూ చెప్పే ఊరే, కానీ పగలు టూరిస్టు బస్సుల రద్దీ ఎక్కువ. పొద్దున్నే చేరుకుంటే హాయి. మామూలుగా ఆన్స్‌బాఖ్‌లో ఒకసారి, స్టైనాఖ్‌లో ఒకసారి రైలు మారాలి. స్టైనాఖ్ నుంచి బండి గంటకొకటే, అది తప్పితే ఆ చిన్న స్టేషన్‌లో కాఫీ కూడా దొరకదనుకుని బయల్దేరండి. కోటగోడ మీద పైకప్పున్న దారిలో నడవచ్చు, డబ్బులేమీ అడగరు. ఆ గోడ రాళ్ళలో కొన్నిటి మీద జపాన్, అమెరికా దాతల పేర్లు కనబడతాయి. 1945 మార్చి 31 బాంబుదాడిలో ఊరి తూర్పు వైపు దెబ్బతింది, గోడను తర్వాత చందాలతో బాగుచేశారు.

రేగెన్స్‌బుర్గ్ ఊళ్ళో రాతివంతెన, బైరోయిట్ ఊళ్ళో ఒపేరా హౌస్ కూడా ఒక్కోటి ఒక్కోరోజులో చూసి రావచ్చు. మ్యూజియాలు చాలావరకు సోమవారం మూస్తారు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి.

ఇక తిండి. ఈ ప్రాంతంలో పంది మాంసానిదే రాజ్యం. పిల్లల మెనూలో కనబడే "క్లోస్ మిట్ సోసె" బంగాళాదుంప ఉండలే కదా అని పాపకు ఆర్డర్ చేయకండి, ఆ పులుసు మాంసం కాల్చగా వచ్చిన రసంతో చేసింది. చీజ్ వేసిన నూడుల్స్ లాంటి కేజ్‌ష్పెట్స్‌లెలో మాంసం ఉండదు గానీ పిండిలో గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా తినకపోతే పులిహోర కట్టుకెళ్ళడమే మేలు. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ కలిపి తీసుకుంటారు, ఖాళీది పారేయకండి. టాయిలెట్‌కు యాభై సెంట్ల నాణేలు జేబులో ఉండాలి.